మాంసం పులుసులో షిరాజ్

మా మామకు పలమనేరు దగ్గర టమాటా తోట ఉంది. టమాటా ధర పడిపోయినప్పుడల్లా ఆయన మనసు కొత్త పంట మీదికి పోతుంది. ఒకసారి గులాబీలన్నాడు, ఇంకోసారి డ్రాగన్ ఫ్రూట్ అన్నాడు. మొన్నామధ్య వైన్ ద్రాక్ష వంతు వచ్చింది. నంది కొండల కింద అది బాగా పండుతుందని ఎవరో చెప్పారట.

"ఆడా ఎర్రమన్నే, ఈడా ఎర్రమన్నే. ఆడా చలే, ఈడా చలే. ఇంకేం గావల్లబ్బా?" అని, ఇంగ్లీషు వస్తుందని నన్ను వెంటబెట్టుకుని, కోలారు మీదుగా అక్కడికి బయల్దేరాడు.

అక్కడి ద్రాక్షతోట చూపించే అమ్మాయి చెరొక గ్లాసులో షిరాజ్ అనే ఎర్ర వైన్ పోసి ఇచ్చింది. నేరేడుపండు, మిరియాలు, కొంచెం తోలు వాసన తెలుస్తాయని చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. మామ గ్లాసులో ముక్కు పెట్టి చాలాసేపు పీల్చాడు.

"తోలు వాసన నిజమే. ఎవురన్నా చెప్పులు ఈడనే ఇడిసినారేమో సూడు."

వేయించిన మాంసంతో ఇది బాగుంటుందని, కారం ఎక్కువైతే మాత్రం రుచి చెడుతుందని ఆ అమ్మాయి చెప్పింది.

"కారం లేని మాంసం ఎవురు తింటారబ్బా, జరమొచ్చినోళ్లా?" అన్నాడు మామ. ఆ మాట నేను ఇంగ్లీషులోకి మార్చలేదు. సరైన కాపుకు మూడేళ్లు ఆగాలని ఆమె అన్నాక మామ ద్రాక్ష ఊసెత్తలేదు. ఉత్త చేతులతో పోవడం నామోషీ అనిపించిందేమో, ఒక సీసా కొన్నాడు.

మా అత్తకు ప్రార్థన, చర్చి, పాస్టరు గారు, ఆ తర్వాతే మేమంతా. ఇంట్లో మందు మాటే ఎత్తకూడదు. అందుకని ఆదివారం ఆమె చర్చికి పోయేదాకా ఆగాం. బిరడా తీసే పరికరం మా దగ్గర లేదు. మామ బిరడాలోకి స్క్రూ బిగించి కటింగ్ ప్లేయరుతో లాగాడు. సగం ఊడి వచ్చింది, సగం ముక్కలై సీసాలో పడింది. స్టీలు గ్లాసుల్లో వడగట్టుకుని, రాత్రి మిగిలిన నాటుకోడి పులుసు, సంగటితో మొదలుపెట్టాం. ఒక్క గుక్కకే నోరు భగ్గుమంది. మామ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఆ పాప చెప్పింది నిజమేనబ్బా," అన్నాడు.

అప్పుడే గేటు చప్పుడైంది. అత్త పాస్టరు గారిని భోజనానికి పిలుచుకొచ్చింది. మూత పెట్టే దారి లేని సీసాను ఏం చేయాలో తోచక, మామ ఉన్న వైనంతా చెంబులోకి వంచి వంటింట్లో ఓ మూల పెట్టి, ఖాళీ సీసాను మోటారు గదిలో పడేసి వచ్చాడు. వచ్చేసరికి అత్త ఆ చెంబు ఎత్తి, తను నానబెట్టి పోయిన చింతపండు రసమే అనుకుని, చర్చికి పోయేముందు సన్నటి మంట మీద పెట్టిన మాంసంలో పోసేస్తోంది. మామ గబగబా కంచాలు పెట్టడం మొదలుపెట్టాడు.

పాస్టరు గారు రెండోసారి వడ్డించుకున్నారు. "అమ్మా, ఈ పొద్దు పులుసు వేరేగా ఉండాది. ఏమేసినారు?"

"చింతపండేనయ్యా."

"యాడ కొన్నారు?"

"కోలారు దాటినాక దొరుకుతాదయ్యా," అన్నాడు మామ, కంచంలోంచి తల ఎత్తకుండా.

నిజం చెప్పాలంటే అంత మంచి మాంసం పులుసు నేను ఆ ఇంట్లో ఎప్పుడూ తినలేదు. ముక్క వెన్నలా విడిపోయింది. కోడి పులుసుతో నోరు కాల్చిన వైనే ఇందులో ఉడికి, మసాలాలో కలిసి, సన్నటి పులుపుగా మిగిలింది.

సాయంత్రం గిన్నెలు తోముతూ అత్త చెంబు వాసన చూసింది. మామతో ఆ వారమంతా మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం ఇంటికొచ్చిన పాస్టరు గారికి ఉండబట్టలేక తనే చెప్పేసింది. పక్కన మామా నేనూ తలలు వంచుకుని నిలబడ్డాం.

"ప్రార్థన చేసినాకనే గదమ్మా తిన్నాము," అని ఆయన అత్త చేతిలోని కాఫీ అందుకున్నారు.