పక్క షెడ్డువాడి మోటారు

మాచర్ల బస్సులో నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్ళో గోతాంలో చుట్టిన నీళ్ళ మోటారు ఉంది. ఆయనకు మాచర్లలో నాపరాళ్ళు కోసే మిషన్ ఉందని తెలియగానే నాకు హుషారొచ్చింది.

"నేనూ పెడుతున్నా బాబాయ్, రెంటచింతల దగ్గర మా చేలో. చుట్టుపక్కల ఇంకో మిషనే లేదు!" అన్నాను గొప్పగా.

"ఒక్కడివే పెట్టి ఏం చేస్తావ్ అబ్బాయ్? బ్లేడు విరిగితే ఎవర్ని అడుగుతావ్? నీ ఒక్కడి రాయి కోసం లారీ వస్తదా? మా షెడ్లన్నీ ఒకటే వరస. మెకానిక్కు, ముఠా కూలీలు, లారీలు అన్నీ అక్కడే."

"మరి పోటీ ఉండదా?"

"చానా ఉంటది! ఈ మోటారు నాది కాదు, పక్క షెడ్డువాడిది. బేరం దగ్గర గొడవపడి ఏడాదిగా మాటల్లేవు. నేను నరసరావుపేట పోతున్నానని తెలిసి, కొత్తది కొనుక్కురమ్మని కూలోడితో కబురంపాడు."

"మాటల్లేకపోయినా తెస్తున్నావా?"

"బ్లేడు మీద నీళ్ళు పడక వాడి మిషన్ ఆగితే లారీ నిండదు. నా రాయి కూడా అందులోనే పోవాల."

రెంటచింతల వచ్చింది. నేను దిగలేదు. ఆ షెడ్ల వరస చూడాలని ఆయన వెంటే మాచర్ల దాకా పోయాను.

నా మిషనూ ఆ వరసలోనే పెట్టాను. మొన్న అదే బస్సులో నా ఒళ్ళోనూ ఒక మోటారు ఉంది. అంతకు ముందురోజే నా బేరం ఎగరేసుకుపోయినవాడిది.