నాన్న కుడిచేతికో సన్న గాలపు కర్ర

మా చిన్నప్పుడు, నేను ఐదో తరగతిలో ఉండగా ఒక పొద్దున... అమ్మ ఇచ్చిన కాఫీ గ్లాసు నాన్న చేతిలోంచి జారిపోయింది. వంగి తీయబోయాడు. కుడిచెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకి వంకర పోయింది...

పక్షవాతం అన్నారు. విజయవాడ ఆసుపత్రిలో ఇరవై రోజులుండి, నందిగామ దగ్గర మా ఊరికి తిరిగొచ్చేసరికి నాన్నకి మాట వచ్చింది, మెల్లగా నడుస్తున్నాడు. కుడిచెయ్యి మాత్రం మొద్దుబారిపోయింది. డాక్టరు గారు రబ్బరు బంతి ఇచ్చి రోజూ పిసకమన్నారు. రెండు రోజులు పిసికి దాన్ని మూలకి విసిరేశాడు.

నాన్నది మిరప సేద్యం. చేలో పని లేని రోజున ఊరి పక్క మునేటి ఒడ్డునే ఉండేవాడు. ఆయన గాలపు కర్ర నా మణికట్టంత లావు... వాలుగ, కొరమీను లాంటి పెద్ద చేపలకి. ఒకరోజు ఎవరూ లేరనుకుని దాన్ని ఎత్తబోయాడు. సగం లేచి కింద పడింది.

"ఇంకెందుకే ఇది, పొయ్యిలో పెట్టు" అన్నాడు అమ్మతో.

అమ్మ పెట్టలేదు. అటక మీద దాచేసింది. నాన్న ఆ రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకోవడం మొదలుపెట్టాడు.

మా వీధి చివర బుట్టలల్లే రంగమ్మ మామ్మ ఉండేది. బడి నుంచి వస్తూ ఆవిడ దగ్గర ఆగాను.

"మామ్మా, మా నాన్నకి గాలపు కర్ర కావాలి. తేలిగ్గా ఉండాలి."

"మీ నాన్న చెయ్యి లేవట్లేదంటగా?"

"అందుకే..."

ఆవిడ అల్లుతున్న తట్ట పక్కన పెట్టి లేచింది.

గోడకి ఆనించిన వెదుళ్ళలో నున్నగా మెరిసేదాన్ని నేను పట్టుకున్నాను. "అది పచ్చిదే, బరువు. పట్టుకున్నంతసేపూ మొయ్యాల" అంటూ, బాగా ఎండిన సన్న కర్రలు నాలుగు ఏరింది.

"చిన్న చేపలేగా పట్టేది? పరిగెల మూతి మెత్తన. కర్ర బిరుసుగా ఉంటే లాగంగానే మూతి చిరిగి పోయిద్ది. కొస వంగాల, మళ్ళీ లేవాల. మొదలు మటుకు చేతిలో కదలగూడదు."

తర్వాత ఒక్కో కర్ర కొసకీ దారం కట్టి, దారం అటు చివర తను పట్టుకుని నన్ను కళ్ళు మూసుకోమంది.

"నేను లాగినప్పుడు చెప్పు."

మొదటి కర్రతో ఏమీ తెలియలేదు. "లాగి కూడా అయిపోయింది!" అని నవ్వింది. రెండోదీ, మూడోదీ తెలిసీ తెలియనట్టు... నాలుగోది పట్టుకున్నాక అరచేతిలో చీమ పాకినట్టయింది.

"మామ్మా, ఇప్పుడు లాగావు!"

"ఇదే తీసకపో" అంది.

ఆదివారం పొద్దున్నే కర్ర పట్టుకుని నాన్న మంచం దగ్గర నిలబడి, "మునేటికి పోదాం రా నాన్నా" అన్నాను. కర్ర వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"నన్నిట్టా జనం చూస్తారే బుజ్జీ..."

వంటింట్లోంచి అమ్మ అంది, "చూడనీయండి. పిల్ల అంతగా అడుగుతుంటే పోరాదూ!"

వెళ్ళాం. అడుగులో అడుగు... దారిలో మూడుసార్లు ఆగాం. మునేటి ఒడ్డున రాతి మీద కూర్చోబెట్టి, నేనే గాలానికి ఎరగా వానపామును గుచ్చి, దారానికి నీళ్ళ మీద తేలే జొన్న బెండు కట్టి, నాన్న కుడిచేతి వేళ్ళు ఒక్కొక్కటీ కర్ర చుట్టూ చుట్టాను.

కాసేపటికే వేళ్ళు వదులయ్యాయి. కర్ర నీళ్ళలో పడింది. మోకాలి లోతులో దిగి తెచ్చి మళ్ళీ చేతిలో పెట్టాను. మళ్ళీ పడింది.

"పదవే, ఇంటికి పోదాం" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. భయమేసింది... కానీ మూడోసారి కూడా తెచ్చి పెట్టాను. ఆయన ఎడమ చెయ్యి కూడా కుడిచేతి కింద ఆనించాను. పక్కన కూర్చున్నాను.

ఎంతసేపో తెలీదు. ఇద్దరం మాట్లాడలేదు. నాన్న బెండు వైపు కూడా చూడటం లేదు, అవతలి ఒడ్డున బట్టలు ఉతికేవాళ్ళని చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఉలిక్కిపడ్డాడు.

"బుజ్జీ... తెలిసిందే!"

"ఏంటి నాన్నా?"

"చేతికే... నా కుడిచేతికి తెలిసిందే!"

కర్ర కొస విల్లులా వంగి వణుకుతోంది. రెండు చేతులతో ఎత్తాడు. వేలెడంత పరిగె... ఎండలో తళుక్కుమంది. నాన్న వంకర మూతితోనే నవ్వాడు. నేను గట్టిగా ఏడ్చేశాను.

ఆ ఒక్క పరిగెకి అమ్మ చింతపండు పిసికి, గిన్నెడు పులుసు కాచింది. ముగ్గురం తిన్నాం. చేప ఎవరికొచ్చిందో గుర్తులేదు... పులుసు మాత్రం అంత రుచి మళ్ళీ తగల్లేదు.

నాన్న చెయ్యి పూర్తిగా బాగవలేదు. కానీ ఏ ఆదివారమూ మానలేదు. ఏడాది తిరిగేసరికి చొక్కా గుండీలు తనే పెట్టుకున్నాడు. కుడిచేత్తో అన్నం కలుపుకున్న రోజు అమ్మ చూస్తూ ఆయన పళ్ళెం ముందే కూర్చుండిపోయింది.

నాన్న వెళ్ళిపోయి ఆరేళ్ళయింది. మునేరు ఇప్పుడు చాలా నెలలు ఇసుక గుంటలే. నందిగామలోనే చేతులకీ కాళ్ళకీ వ్యాయామాలు నేర్పేవాళ్ళు దొరుకుతున్నారు, ఇంటికే వస్తున్నారు. మంచిదే కదండీ... కానీ మంచాన పడ్డ మనిషి పక్కన ఏమీ అడక్కుండా, ఫోన్ చూసుకోకుండా ఒక పూటంతా కూర్చునే తీరిక మాత్రం మా ఇళ్ళల్లో ఎవరికీ లేకుండా పోయింది. నాతో సహా...

మీరూ మీ నాన్న పక్కన అలా ఊరికే కూర్చున్న చోటు ఏదైనా ఉంటే కింద రాయండి. అన్నీ చదువుతాను.