రెండో దాసి పేరు

వసంత్ కుంజ్‌లోని ఆ ఇంట్లో దయావతిని రోజీ అంటారు. మంచం పట్టిన ఆ ఇంటి పెద్దావిడ బీజీని అంతకుముందు చూసుకున్న నర్సు పేరు రోజీ. దయావతి పనిలో చేరిన రోజునే ఆ ఇంటి కోడలు తేల్చి చెప్పేసింది: "బీజీకి కొత్త పేర్లు గుర్తుండవు. నువ్వూ రోజీవే. ఆమెను గాభరా పెట్టేవాళ్ళని మేం పనిలో ఉంచుకోం." దయావతి ఠీక్ హై అంది. పేరుదేముంది, నెల తిరిగేసరికి జీతం వస్తే చాలనుకుంది. ఇప్పుడు కూరల బండివాడి నుంచి గేటు దగ్గర గార్డు దాకా అందరికీ ఆమె రోజీ దీదీయే.

ఆదివారం మాత్రం ఆమె దయావతి. ఆర్.కె. పురంలో తెలుగువాళ్ళు ఆరాధనకు చేరే చర్చిలో, స్త్రీల ఆదివారానికి ఏటా నాటకం రాసేది ఆమే. భీమవరం మనిషి, మాటకు తడుముకోదు. ఈసారి రోము నగరపు బానిస ఆడవాళ్ళ కథ ఎత్తుకుంది. బీజీ కునుకు తీస్తున్నప్పుడు ఫోన్‌లో ఏదో వీడియో చూసిందట. బానిసను కొన్నవాడు తనకు నచ్చిన పేరు పెట్టుకునేవాడని, కన్నతల్లి పెట్టిన పేరు సంతలోనే పోయేదని అందులో చెప్పారు. అది విన్నాక ఆమెకు ఆ పూట అన్నం సయించలేదు.

కథ పెద్దదేం కాదు. సముద్రం అవతలి నుంచి తెచ్చి అమ్మిన షెలామాకు దొరసాని ప్రీమా అని పేరు పెడుతుంది. ప్రీమా దొరసాని తల దువ్వుతుంది, ఆమె బిడ్డకు పాలిస్తుంది. చివరికి మరో ఇంటికి అమ్మేసేటప్పుడు సంతలో అందరి ముందూ నిలబడి, "నా పేరు షెలామా, మా అమ్మ పెట్టింది" అంటుంది. అక్కడితో తెర.

రిహార్సల్‌కు అందరూ తెల్ల దుప్పట్లు చుట్టుకుని వచ్చారు. గ్రేటర్ నోయిడాలో నర్సింగ్ చదువుతున్న ఎల్సా బస్సు మారి వచ్చేసరికి ఆలస్యమైంది.

"ఆంటీ, నా పేరేంటండీ?" అంది తన కాగితం తిరగేస్తూ.

"రెండో దాసివి. రాసుంది కదే?"

"అది వరస కదండీ. పేరు అడుగుతున్నాను."

"నీకున్నది ఒక్క మాట, నీళ్ళు తెచ్చానమ్మా అని. దానికి పేరెందుకే? నిన్నెవరు పిలుస్తారు?"

అందరూ నవ్వారు, ఎల్సా కూడా నవ్వేసింది. దయావతికి మాత్రం నవ్వు రాలేదు. ఆ దొరసాని నయం, ఏదో ఒక పేరు పెట్టింది. తను ఒక్కదానికి పేరిచ్చి, మిగిలిన ఆడవాళ్ళకు వరస నంబర్లు వేసింది. తల కొట్టేసినట్టయింది ఆమెకు.

"మీ అమ్మమ్మల పేర్లు పెట్టుకోండే అందరూ. చివర్లో అందరూ చెప్పాలి," అంది.

ఎల్సా తన అమ్మమ్మ పేరు మంగమ్మ అంది. సంఘపెద్ద జక్కయ్య గారు పకపకా నవ్వారు. "రోములో మంగమ్మ ఏంటమ్మా?"

"ఎక్కడెక్కడి ఆడవాళ్ళనో తోలుకెళ్ళారు కదా అంకుల్. మంగమ్మ ఉండకూడదా?"

నాటకం రోజున ఎల్సా ముందుకొచ్చి "నా పేరు మంగమ్మ" అన్నప్పుడు హాల్లో ఎవరూ నవ్వలేదు. జక్కయ్య గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

మర్నాడు పొద్దున్నే బీజీ పిలిచింది. "రోజీ, పానీ."

దయావతి గ్లాసు పట్టుకుని నిలబడింది. ఈ మాట అంటే పని పోవచ్చు. పనితో పాటు తలదాచుకునే గదీ పోతుంది. భయం వేసింది, అయినా అనేసింది. "నేను రోజీని కాదు బీజీ. నా పేరు దయావతి."

ముసలామె గాభరా పడలేదు. నీళ్ళు తాగి, ఆమెను ఎగాదిగా చూసింది.

"మరి ఇన్నాళ్ళూ రోజీ అంటే ఎందుకు పలికావు?"

కోడలు అడిగి ఉంటే చెప్పడానికి బోలెడన్ని జవాబులు ఉన్నాయి. అడిగింది బీజీ. దయావతి గ్లాసు కడిగి బోర్లించింది.

సాయంత్రం మళ్ళీ పిలుపు వచ్చింది. "రోజీ!" వంటగదిలో ఉన్న దయావతి కాలు అలవాటుగా కదిలింది. గట్టు పట్టుకుని ఆగిపోయింది. మందులు వేశాను, పక్క మార్చాను, ఇప్పుడు తొందరేం లేదని తనకు తానే చెప్పుకుంది.

కాసేపటికి గదిలోంచి బీజీ గొంతు సన్నగా వినిపించింది.

"అరే సునో... పొద్దున్న నీ పేరేదో చెప్పావే, ఏమిటది?"

దయావతి గుమ్మంలోకి వెళ్ళి మళ్ళీ చెప్పింది.