మకాం అన్న గొంతు

ముందే చెప్పేస్తున్నాను, నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పుడూ లేదు, సింగపూర్ వచ్చాకా కలగలేదు. జురాంగ్ ఈస్ట్‌లో మేము నలుగురు ఆడపిల్లలం అద్దెకున్న బ్లాకు కింద, చైనా వాళ్లు దయ్యాలు తిరుగుతాయనే తమ ఏడో నెలలో, పోయిన పెద్దల పేరిట కాగితాలు కాల్చేవాళ్లు. నా రూమ్మేట్లు అటు చూడకుండా చుట్టూ తిరిగి వచ్చేవాళ్లు. నేను పక్కనుంచే మర్యాదగా నడిచి వచ్చి, పైకెళ్లాక వాళ్లను బాగా ఏడిపించేదాన్ని.

నేను ప్రోగ్రాములు రాసి బతికిన మనిషిని. ఏదైనా తేడా జరిగితే దానికో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. నాకు తెలిసిన మతం అదొక్కటే. ఈ ఒక్క విషయంలో మాత్రం దొరకలేదు. ఇన్నేళ్లయినా ఇది చెప్పడం మొదలుపెడితే చాలు, గుండె దడదడలాడుతుంది. భయంతో కాదు, ఉత్సాహంతోనే. అందుకే వినేవాళ్లు దొరికితే వదిలిపెట్టను.

కంప్యూటర్ కోర్సు చేసిన ప్రతివాళ్లూ ఏదో ఒక విమానం ఎక్కుతున్న రోజులవి. నేను అనంతపురం జిల్లా నుంచి వచ్చి తంజోంగ్ పగార్‌లో ఓ చిన్న కంపెనీలో పడ్డాను. ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు జవాబు చెప్పే సాఫ్ట్‌వేర్ తయారు చేసేవాళ్లం. మా కిటికీలోంచి రేవులో క్రేన్లు కనిపించేవి. అవి చూస్తూ కాఫీ తాగుతుంటే ప్రపంచమంతా నా చేతుల మీదుగానే నడుస్తోందన్నంత గొప్పగా ఉండేది నాకు.

నా తమ్ముడు ఓబులేసు అప్పటికే గల్ఫ్‌లో ఉన్నాడు. ఎడారి మధ్యలో రోడ్డు వేసే కంపెనీలో రోలర్ నడిపేవాడు. వేసవిలో ఫోన్ చేస్తే ఎండ తప్ప మరో మాట ఉండేది కాదు. పొద్దున ఎనిమిదికే ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతుందనీ, బాటిల్లో నీళ్లు టీకి పనికొస్తాయనీ నవ్వుతూ చెప్పేవాడు. అనంతపురం ఎండల్లో పెరిగినవాడే ఎండ గురించి మాట్లాడుతున్నాడంటే అది ఎలాంటి ఎండో నాకు అర్థమయ్యేది.

ఆ ఏడాది మాకొక పని వచ్చింది. ఎడారిలో పనిచేసే కూలీలకు రోజూ వాతావరణ హెచ్చరిక ఫోన్‌లో వాళ్ల భాషలోనే వినిపించాలి. పని ఇచ్చిన కంపెనీ పేరు చూసి కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. అది మా ఓబులేసు కంపెనీయే!

హిందీకి మా ఆఫీసులోని హైదరాబాద్ ఖలీల్ గొంతు ఇచ్చాడు. తెలుగు తప్పుల్లేకుండా చదవాలంటే ఆఫీసులో నేను తప్ప దిక్కు లేదు. పాంట్రీ పక్కనున్న చిన్న గదిలో, చప్పుడు చేస్తుందని ఏసీ ఆపేసి, చెమటలు కక్కుతూ ముక్కలు ముక్కలుగా రికార్డు చేశాం. 'ఈ రోజు ఎండ', 'నలభై ఎనిమిది', 'డిగ్రీలు', 'వడగాలి వీస్తుంది', 'మధ్యాహ్నం పని ఆపండి', 'నీళ్లు తాగండి'. వాతావరణ శాఖ నుంచి వచ్చే సంకేతాలను బట్టి మెషీన్ ఈ ముక్కలను అతికించి చెబుతుంది. ముక్క లేని సంకేతం వస్తే చప్పుడు చేయకుండా దాటేస్తుంది. ఈ మాట గుర్తుంచుకోండి.

ఉరుములతో వాన అనే సంకేతం కూడా ఆ జాబితాలో ఉంది. దానికీ ఓ వాక్యం చదువుతానని మా టీమ్ లీడర్ సెరీన్‌ను అడిగాను. సెరీన్ ఇక్కడే పుట్టి పెరిగిన చైనీస్ అమ్మాయి, పనిలో రాక్షసి. "డెజర్ట్ లా పద్మా, వేర్ గాట్ రెయిన్?" అని సింగపూర్ ఇంగ్లీషులో నవ్వేసి, తర్వాతి విడతలో చూద్దామంది. మధ్యాహ్నం వేళకు మమ్మల్ని తిండికి తరిమే క్లీనింగ్ ఆంటీ కూడా ఆ నవ్వులో కలిసింది. ఆమె పేరు రోస్నా, మలయ్ ఆవిడ.

నాకు నవ్వు రాలేదు. రోజూ వాన కురిసే సింగపూర్‌లో పుట్టినవాళ్లకు ఏం తెలుస్తుంది? వాన లేని చోట వానే ప్రమాదం. మా వైపు ఏడాదంతా ఇసుక తప్ప చుక్క నీరు కనిపించని వంక, ఎక్కడో కొండల్లో ఉరిమిందంటే ఒక్కసారిగా దిగుతుంది. అడ్డొచ్చిన ఎద్దుల బండిని కూడా లాక్కుపోతుంది. కానీ పని అప్పగించే గడువు ముంచుకొస్తోంది. ఊరుకున్నాను.

ఫోన్‌లో హెచ్చరిక మొదలయ్యాక మా తమ్ముడు దాన్ని నెత్తికెక్కించుకున్నాడు. క్యాంపులో ఆ నంబరుకు మాత్రమే పోయే ఫోన్ ఒకటి బయట స్తంభానికి పెట్టారట. రోజూ పొద్దున దాన్ని స్పీకర్‌లో పెట్టి తెలుగువాళ్లందరికీ వినిపించేవాడు. "మీయక్క చెప్తే ఎండ తగ్గుతాదేమిరా" అని వాళ్లు ఆటపట్టించేవాళ్లట. వాడు చెబుతుంటే నేను పొంగిపోయేదాన్ని.

ఓ రోజు మాటల మధ్యలో, డేరాలు మార్చామని చెప్పాడు. రెండు గుట్టల మధ్య నీడ ఉందట, కింద ఇసుక మెత్తగా ఉందట.

"వంకలోనా?" అన్నాను.

"వంకే అనుకోక్కా. నీళ్లు పారింది మా మేస్త్రీ పుట్టకముందే అయ్యుంటాది. చల్లగా ఉండాది, నువ్వేం కంగారు పడొద్దు."

ఆ తర్వాతి శుక్రవారం ఆఫీసులో ఆ రోజు సంకేతాలు చూస్తూ ఉన్నాను. ఎండ యాభై డిగ్రీలు. దాని పక్కనే ఉరుములతో భారీ వాన. నా కళ్లను నేను నమ్మలేదు. ముక్క లేని సంకేతం అది. మెషీన్ దాన్ని మింగేసి, ఎండ ఒక్కటే చెబుతుంది. మావాళ్లు విని, శుక్రవారం సెలవు కాబట్టి హాయిగా వంకలో పడుకుంటారు.

తమ్ముడి మొబైల్‌కు చేశాను, సిగ్నల్ లేదు. కంపెనీ ఆఫీసుకు చేశాను, సెలవు. సెరీన్ దగ్గరికి పరుగెత్తాను. ఆ పిల్లది మంచి మనసు. విషయం వినగానే తన పని పక్కన పడేసి, తనకు తెలిసిన నంబర్లన్నీ తిప్పింది. ఒక్కరూ ఎత్తలేదు. అప్పటికప్పుడు నేనే రికార్డు చేద్దామంటే, కొత్త ముక్కలు సీడీలో పంపాలి, అక్కడివాళ్లు మెషీన్‌కు ఎక్కించాలి. ఇక్కడినుంచి మేం చేయగలిగింది ఏమీ లేదు. ఖలీల్ తన కుర్చీలోనే అల్లాను తలుచుకుంటూ చిన్నగా దువా చేసుకున్నాడు. నేను కిటికీ దగ్గర నిలబడి, ఉరుములతో వానొస్తుంది, వంకలో ఉండొద్దు, మిట్టకెక్కండి అని పిచ్చిదానిలా మనసులో ఎన్నిసార్లు అనుకున్నానో.

సాయంత్రం చీకటి పడే వేళకు నా మొబైల్ మోగింది. ఓబులేసు.

"అక్కా, అందరం బాగుండాము. నీ పుణ్యమే."

మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగిన ఆకాశం ఒక్కసారిగా నల్లబడిందట. గాలి, ఇసుక, ఆ వెనక వడగళ్లు. ఎడారిలో వడగళ్లు! కొండల వైపునుంచి ఎర్రటి నీళ్లు దిగి వంకను నిండా ముంచేశాయట. మిట్ట మీద నిలబడి చూశారట అందరూ.

"మిట్ట మీదకు ఎందుకెళ్లార్రా?" అన్నాను.

"ఏందక్కా అట్లంటావు? నువ్వే కదా చెప్పింది. పొద్దున ఫోన్లో ఎండ గురించి చెప్పినాక, ఉరుములతో వానొస్తాది, వంకలో ఉండొద్దు, మిట్టకెక్కండి అంటివి. మేం ముందు నవ్వుకున్యాం. వానొస్తే మంచిదే, చల్లబడతాదిలే అనుకున్యాం. అంతలో నీ వెనకాల ఇంకో ఆమె, పెద్ద మనిషి గొంతు, గట్టిగా 'మకాం, మకాం' అనె. దాంతో మా మేస్త్రీ లేసినాడు. ఆఫీసులో పెద్దామె మకాం మార్చమంటాంది, ఊరికే అనరు, పెరకండి డేరాలు అన్యాడు. హిందీ వాళ్లను కూడా లేపి సామాన్లతో సహా మిట్టకెక్కిచ్చినాడు. ఆమె ఎవురోగానీ, మా అందరి దండాలూ చెప్పక్కా."

చెబుతాలేరా అని ఫోన్ పెట్టేశాను. అసలు సంగతి చెబితే వాడు నమ్మడు, నాకే నమ్మకం కలగడం లేదు. ఆ మెషీన్‌లో అలాంటి ముక్క లేదు. ఇంకో ఆమె గొంతు అసలే లేదు.

తెల్లారి సెలవైనా ఆఫీసుకు వెళ్లి, ఖలీల్‌ను కూడా రప్పించి, జరిగిందంతా చెప్పాను. ఇద్దరం కూర్చుని పంపిన ముక్కలన్నీ మొదటినుంచి చివరిదాకా విన్నాం. ఎండ, వడగాలి, నీళ్లు, అంకెలు. అంతే. ఎక్కడా వాన లేదు, మకాం లేదు. హిందీ విన్నవాళ్లను అడగమని తమ్ముడికి చెప్పాను. వాళ్లకు ఎండ ఒక్కటే వినిపించిందట. మర్నాటినుంచి తెలుగులోనూ ఎండ ఒక్కటే.

ఖలీల్ గడ్డం గోక్కుంటూ, "ఎండకు చెవుల్లో మోగి ఉంటది అక్కా" అన్నాడు.

"తెలుగువాళ్లందరి చెవుల్లోనా? ఒకటే మాటా?" అన్నాను.

ఆ వారంలోనే ఆ కంపెనీ నుంచి కబురొచ్చింది. ఉరుముల హెచ్చరిక వెంటనే అన్ని భాషల్లో చేర్చాలట. సెరీన్ నా వైపు చూసి రెండు చేతులూ జోడించింది, మన పద్ధతిలో.

మళ్లీ ఆ చిన్న గది. ఏసీ ఆపేశాం. ఖలీల్ రికార్డింగ్ మీట నొక్కి చెయ్యి ఊపాడు. నేను కాగితం మీద చక్కటి పుస్తకాల తెలుగు రాసుకున్నాను, వాగులు, ఎత్తైన ప్రదేశం అంటూ. మైకు ముందు నోరు తెరిస్తే మాత్రం అది రాలేదు. "ఉరుములతో వానొస్తుంది. వంకలో ఉండొద్దు. మిట్టకెక్కండి" అనేశాను. దీన్ని నేను వింతగా లెక్కించను. తమ్ముడి నోట విన్న మాటలే నా నోట వచ్చి ఉంటాయి.

చివరి మాట పూర్తయిందో లేదో, తలుపు భళ్లున తెరుచుకుంది. రికార్డింగ్ జరుగుతోందనే బోర్డు తగిలించడం ఆ రోజు మరిచిపోయాం. రోస్నా ఆంటీ తల లోపలికి పెట్టి, చేతిలో చీపురు ఆడిస్తూ, "మకాన్, మకాన్!" అని గట్టిగా అరిచింది.

మకాన్ అంటే మలయ్‌లో తినడం. సింగపూర్‌లో ఏ జాతివాళ్లయినా అనే మాటే. మధ్యాహ్నమైతే ఆంటీ రోజూ అలా పిలిచేదే. అన్నేళ్లు వింటున్నా, తమ్ముడు మకాం అన్నప్పుడు ఆ మాట నా బుర్రకు తట్టనే లేదు.

ఖలీల్ మీట ఆపేశాడు. "ఆంటీ గొంతు పడింది అక్కా, మళ్లీ చెయ్యాలె" అంటూ నా మొహం చూసి ఆగిపోయాడు. మళ్లీ వెనక్కి తిప్పి వినిపించాడు. నా గొంతు, దాని వెనకే ఆంటీ గొంతు. స్పీకర్‌లో చివరి అక్షరం మూసుకుపోయి, అది మకానో మకామో తెలియడం లేదు. "యా అల్లా" అన్నాడు. ఆంటీ మమ్మల్ని మార్చి మార్చి చూసి, కడుపు మాడి ఇలా అయిపోయారనుకుని, నా చెయ్యి పట్టి లాగింది.

సెరీన్ విని, ఆ చివరి ముక్క కత్తిరించేయమంది. ఎవరైనా అదే అంటారు. నేను ఒప్పుకోలేదు. నా జీవితంలో ఆఫీసులో గొంతు పెంచింది ఆ ఒక్కసారే. కారణం అడిగితే, తెలుగులో ఆ మాట ఉండాల్సిందేనని మొండికేశాను. ఖలీల్ నాకు వత్తాసు పలికాడు. చివరికి సెరీన్ "ఓకే లా, యువర్ లాంగ్వేజ్" అని సీడీ పంపేసింది.

చలికాలంలో అక్కడ మరోసారి వాన పడింది. ఆ పొద్దున ఓబులేసు ఫోన్ చేశాడు. కొత్త రికార్డింగ్ ఎలా ఉందని అడిగాను.

"కొత్తదేందక్కా?" అన్నాడు. "ఇది మేం ఆ పొద్దు విన్నదే గదా. ఆ పెద్దామె గొంతు కూడా ఉండాది."

అప్పటినుంచి నాకు తోచినవన్నీ ఆలోచించాను. నేను మనసులో అనుకున్న మాటలు ఎలాగో వాడి చెవిన పడ్డాయని ఒప్పుకుంటే వాన మాట, వంక మాట సరిపోతాయి. కానీ ఆంటీ? ఆమె ఎడారి గురించి ఏమీ అనుకోలేదు. ఆ తర్వాతి వారం మాకు అన్నం వేళయిందని పిలిచింది, అంతే. ఇంతమంది ఇంజనీర్లను అడిగాను, ఎవరూ నన్ను ఒప్పించలేకపోయారు. నన్ను నేనూ ఒప్పించుకోలేకపోయాను.

తమ్ముడి తరఫున దండాలు మాత్రం చెప్పాను. రోస్నా ఆంటీకి కథంతా వివరించి, ఆమె మాట వల్లే అంతమంది బతికారని చెబితే, ఆమె కళ్లు పెద్దవి చేసుకుని విని, ఒక్క ప్రశ్న అడిగింది. "అయితే ఆ పిల్లలు ఆ రోజు తిన్నారా లేదా?"

ఖలీల్ ఇప్పటికీ కనిపించినప్పుడల్లా ఒకటే అడుగుతాడు. ఆ రోజు ఆ ముక్క కత్తిరించి ఉంటే, ఆ శుక్రవారం ఏమయ్యేదక్కా అని. నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు. మొన్న ఓబులేసు తన కూతురి పెళ్లి ఫోటోలు పంపాడు. వాటిని ఒక్కొక్కటే చూస్తూ, ఆ రోజు నేను పట్టిన మొండిపట్టుకు నన్ను నేనే మెచ్చుకున్నాను.