కొట్లాట మానేసిన మా గ్లెన్ బావ

నిన్న పొద్దున్న అక్క ఫోన్ చేసింది.

"గ్లెన్ వెళ్లిపోయాడురా శామ్" అంది.

"ఎక్కడికి, స్కేటింగ్ రింక్‌కా?" అన్నాను.

డెబ్బై దాటినా బావ వారంలో సగం రోజులు ఐస్ మీదే ఉంటాడు మరి.

"రింక్‌కి కాదురా" అంటూ అక్క ఏడ్చేసింది. అప్పుడు అర్థమైంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట.

ఫోన్ పట్టుకుని కిచెన్‌లో అలాగే నిలబడిపోయాను.

ఇక్కడ మన ట్రాయ్ ఊళ్లో మీ అందరికీ ఆయన పిల్లలకు స్కేటింగ్ నేర్పే గ్లెన్ అంకుల్. ఒకప్పుడు ప్రొఫెషనల్ ఐస్ హాకీ ప్లేయర్ అని కొంతమందికే తెలుసు. ఆ కథ దగ్గరుండి చూసినవాణ్ణి నేను. ఏడుపు మొహాలంటే ఆయనకు పడదు కాబట్టి నవ్వుతూనే చెప్తాను.

పంతొమ్మిది వందల డెబ్బైల చివరి సంగతి. నేను కార్ల కంపెనీలో కొత్త ఇంజనీర్‌ని, ప్రమీలక్క హాస్పిటల్లో నర్స్. కనుబొమ్మ చిట్లి ఎమర్జెన్సీకి వచ్చిన ఒక పొడుగాటి మిన్నెసోటా మనిషి, కుట్లు వేస్తున్నంతసేపూ అక్కను నవ్వించాడట.

ఆ తర్వాత తరచూ ఏదో ఒక దెబ్బతో వచ్చేవాడు. అన్నీ నిజం దెబ్బలు కావని అక్క అనుమానం.

పెళ్లి మాట వచ్చేసరికి అమ్మ తెనాలి నుంచి దిగింది.

"అబ్బాయి ఏం చేస్తాడు?"

"ఐస్ మీద ఆట ఆడతాడమ్మా."

"అది సరే. ఉద్యోగం?"

చూపిస్తేనే నయమని మ్యాచ్‌కి తీసుకెళ్లాను. చిన్న ఊరి టీమ్, చిన్న లీగ్. అమ్మ చీర మీద నా ఓవర్‌కోట్ వేసుకుని కూర్చుంది.

అప్పట్లో ప్రతి టీమ్‌లోనూ ఒక వస్తాదు ఉండేవాడు. తన వాళ్ల జోలికి ఎవరైనా వస్తే గ్లవ్స్ పడేసి వాణ్ణి బాదడమే అతని పని. ఆ టీమ్‌లో ఆ పని గ్లెన్‌ది. నేను అమ్మకు ఈ ముక్క ముందే చెప్పలేదు.

ఆట మొదలైన కాసేపటికే ఒకణ్ణి పట్టుకుని ఉతికేశాడు. రిఫరీ తీసుకెళ్లి శిక్షగా కాసేపు పెనాల్టీ బాక్స్‌లో కూర్చోబెట్టాడు. జనమంతా లేచి చప్పట్లు.

అమ్మ కూడా లేచింది. ఇంటికి వెళ్దామని.

మర్నాడు గ్లెన్ వాచిన కన్నుతో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చాడు. అమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"ఆట ఆడుకో నాయనా. మనిషిని మాత్రం కొట్టకు. మాటిస్తేనే పెళ్లి."

నేను ఇంగ్లీష్‌లో చెప్పి, నా సొంతంగా ఇంకో ముక్క కలిపాను. "ఇది నీ ఉద్యోగం గ్లెన్. కుదరకపోతే కుదరదని చెప్పెయ్."

గ్లెన్ వాచిన కన్ను ఒకసారి తడుముకున్నాడు. తర్వాత, తెలుగులో ఎలా చెప్పాలో నేర్పమన్నాడు.

"కొట్టను, అమ్మా" అనబోయి "కొత్తను, అమ్మా" అన్నాడు.

అమ్మ ఒప్పుకుంది.

పెళ్లయింది. అసలు కష్టం ఆ తర్వాతే. "నిన్ను తీసుకున్నదే ఫైట్ చేయడానికి" అని కోచ్ బెంచ్ మీద కూర్చోబెట్టాడు. మరుసటి చలికాలానికి ఇంకా కింది లీగ్‌కి పంపేశారు. బస్సుల్లో ప్రయాణాలు, సగం జీతం.

అక్కకు ఒళ్లు మండిపోయింది. "అమ్మ తెనాల్లో ఉంది. ఒక్కసారి కొడితే ఆవిడకెలా తెలుస్తుంది?"

"తెలీదు. కానీ మాటిచ్చింది నేను కదా ప్రమీ" అన్నాడట.

అక్క నాకు ఫోన్ చేసి ఆయన్ని తిట్టింది. తిడుతూ ఏడ్చింది. ఏడుస్తూ నవ్వేసింది.

కొట్టడం మానేసినవాడు మరేం చేయాలి?

అడ్డం పడటం మొదలుపెట్టాడు. ఐస్ హాకీలో బంతి ఉండదు, పక్ అని గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. అది తుపాకీ గుండులా వస్తుంది. బావ దానికి ఒళ్లు అడ్డం పెట్టేవాడు. కాలు, వీపు, పక్కటెముకలు, ఏది అందితే అది. పైగా ఇప్పుడు పెనాల్టీ బాక్స్‌లో కూర్చోవడం లేదు కాబట్టి ఎప్పుడూ ఐస్ మీదే. అక్కడి ముసలి కోచ్‌కి ఈయన తెగ నచ్చాడు.

ఎనభైల మధ్యలో పెద్ద లీగ్ టీమ్‌లో డిఫెన్స్ వాళ్లకు వరసగా గాయాలయ్యాయి. బావకు పిలుపొచ్చింది. కొన్నాళ్లకని వెళ్లినవాడు మోకాలు మొరాయించేదాకా, రెండు మూడు సీజన్లు అక్కడే ఆడాడు. టీవీలో ఆయన్ని చూసి నేను సోఫా మీద ఎగిరిన ఎగురుడికి కింది ఫ్లాట్ వాళ్లు కంప్లైంట్ ఇచ్చారు.

అప్పుడే అమ్మ మళ్లీ వచ్చింది. బావ మ్యాచ్ ఆడి వచ్చి చొక్కా విప్పాడు. వీపంతా వంకాయ రంగు.

అమ్మ నోరు నొక్కుకుంది. "కొట్టొద్దన్నాను గానీ, తన్నులు తినమన్నానా నాయనా!"

నేను ఇంగ్లీష్‌లో చెప్పేసరికి బావ పక్కటెముకలు పట్టుకుని మరీ నవ్వాడు. అమ్మ వేడినీళ్లతో కాపడం పెడుతూ, "పోనీలే, మరీ మీదికొచ్చినవాణ్ణి ఒక్కటి వేసుకో. నేనేమీ అనుకోను" అంది.

"అలవాటు తప్పిపోయిందమ్మా" అన్నాడు బావ. ఆ మాట మాత్రం శుభ్రమైన తెలుగులో.

నిన్న సాయంత్రం అక్క ఇల్లు నిండిపోయింది. మా ప్రార్థన కూడిక ఆంటీలు, పాత హాకీ ప్లేయర్లు, అందరూ ఒకే కిచెన్‌లో. వంకర ముక్కు పెద్దమనిషి ఒకాయన, అప్పట్లో ఎదుటి టీమ్ వస్తాదట, అక్క దగ్గరికి వచ్చాడు.

"గ్లెన్‌ని రెచ్చగొట్టడానికి నేను చేయని పని లేదు. ఒక్కసారి కూడా చెయ్యెత్తలేదు. నేనంటే లెక్కలేదేమో అనుకున్నాను. ఎందుకో ఎప్పుడూ చెప్పలేదు."

అక్క చెప్పింది. మా అమ్మ సంగతి, ఆ మాట సంగతి, అంతా.

ఆయన పెద్దగా నవ్వాడు. నవ్వి, పేపర్ ప్లేట్ పక్కన పెట్టి, కళ్లు తుడుచుకున్నాడు.

బావా, అలసిన ఆ ఒంటికి ప్రభువు దగ్గర హాయిగా విశ్రాంతి దొరకాలి. అక్క సంగతి మేం చూసుకుంటాం. నువ్వు నిశ్చింతగా వెళ్లు.