మేము రాకముందే మొదలైపోయిన కచేరీలు

పోయిన నెల బెంగళూరులో మా తమ్ముడి కొడుకు నన్నొక పార్కులో జరిగే వీణ కచేరీకి తీసుకుపోయాడు. టిక్కెట్టు లేదు, ఎవరైనా రావచ్చు, చెట్ల కింద కుర్చీలు వేస్తారు అని ఊరించి మరీ తీసుకుపోయాడు. చెప్పిన వేళకు ముందే పోయి కూర్చున్నాం. వీణ వాయించే ఆవిడ శ్రుతి చేసుకుని, చేతులు ఒడిలో పెట్టుకుని అలాగే కూర్చుని ఉంది. ఏమయ్యా సంగతి అంటే ముఖ్య అతిథి ఇంకా రాలేదట. పొద్దు వాలింది, దోమలు లేచాయి, మైకు పట్టుకున్నవాడు మాత్రం ఆ పెద్దమనిషి బిరుదులు చదువుతూనే ఉన్నాడు. చివరికి ఆయన వచ్చాడు, దండ వేయించుకున్నాడు, ఫోటోలు తీయించుకున్నాడు, మొదటి వర్ణం సగంలో ఉండగానే ఫోను చెవికి ఆనించుకుని లేచిపోయాడు. ఒక మనిషి కోసం కచేరీ ఆగడం తప్పని నేను అనను. ఒకప్పుడు మా ఇంట్లోనూ ఆగేది. కానీ తన కోసం ఆగిన కచేరీలో మా తాతగారు మంగళం పాడేదాకా వెన్ను వాల్చకుండా కూర్చునేవారు. ఆ తేడా ఈనాటివాళ్లకు ఎట్లా చెప్పాలో నాకు తెలియడం లేదు.

పుంగనూరు దగ్గర మాది చిన్న మిట్ట, అంటే చిన్నపాటి జమీందారీ. చుట్టుపక్కల కొన్ని ఊళ్ల శిస్తు మా తాతగారి చేతికి వచ్చేది. శ్రీరామనవమి రోజుల్లో మా ఇంటి ముంగిట పందిరి వేసి కచేరీలు పెట్టించేవారు, ఊరివాళ్లంతా నేల మీద కూర్చుని వినేవారు, ఎవరినీ పొమ్మన్నది లేదు. తాతగారు వచ్చి కూర్చుని తల పంకించాకే విద్వాంసుడు వర్ణం ఎత్తుకునేవాడు. చిన్నప్పటి నుంచీ వీణ నేర్చుకున్న మా మేనత్త, అంటే మా నాయనగారి అక్క, తాతగారి పక్కనే కూర్చునేది. తర్వాత మిట్టలు పోయాయి, కోర్టుల వెంట తిరిగి ఇల్లు పోయింది, వీణ కూడా పోయింది, మేము మదనపల్లెలో అద్దె ఇంటికి చేరాం. పోనిది ఒక్కటే, మేము పోయాకే కచేరీ మొదలవుతుందనే నమ్మకం. దాన్ని మా నాయనగారు తలపాగాతోపాటు భద్రంగా దాచుకున్నారు.

నేను కుప్పంలో పంతులుగా పనిచేసిన కాలంలో, ఏటా ఎండాకాలం రాగానే మా నాయనగారూ మేనత్తా బెంగళూరులో వీధి పందిళ్లలో జరిగే రామనవమి కచేరీల కోసం నా దగ్గరికి వచ్చేవారు. మదనపల్లె నుంచి బెంగళూరికి తిన్నగా బస్సు ఉంది. అది ఎక్కరు. పుంగనూరు మీదుగా బస్సులు మారి మారి కుప్పం వచ్చి, ఇక్కడ రైలు ఎక్కాలి. బెంగళూరు బస్సులో కండక్టరు అందరినీ జరుగు జరుగు అంటాడట. మా నాయనగారిని జరగమన్నవాడు అప్పటిదాకా పుట్టలేదు. మరి కుప్పం దాకా వచ్చింది కూడా బస్సులోనే కదా అని ఒకసారి అడిగాను.

"అది మన జిల్లా బస్సు రా. మనమెవరో వాళ్లకు తెలుసు" అన్నారు.

రైలు దగ్గరయితే నాకు ప్రాణం విసిగిపోయేది. గంట కొట్టినా ఆయన లేవరు. గుంపు ఎక్కేటప్పుడు ఎక్కరు. మా ఇంట్లో పరుగెత్తడం అనేది లేదు కాబట్టి పరుగెత్తరు. ఒక బండి తప్పితే ఇంకొక బండి, అది బంగారుపేటలో క్రాసింగు కోసం నిలబడిపోతే ఆ నిలబడడానికీ నాదే తప్పు. తీరా పందిరి చేరేసరికి మృదంగం వాయించేవాడు తన వంతు ముగిస్తూ ఉండేవాడు. కొన్నేళ్లయితే మంగళమే మా వంతు. మా కోసం ఎవరూ ఆగలేదు, ఆగాలని ఎవరికీ తెలియదు. జంపఖానా మీద కూర్చోమని ఎవరూ పిలవలేదు గనుక ఆయన వెనకాల గుంజ దగ్గర నిలబడేవారు. మేనత్త మాత్రం ఆడవాళ్ల వైపు వెళ్లి కూర్చుని, పక్కనున్నావిడను మెల్లిగా ఒకే మాట అడిగేది, మొదట ఏం వాయించారని. ఆవిడ కన్నడంలో ఏదో చెప్పేది. మేనత్తకు సగం అర్థమయ్యేది. ఆ సగంతోనే ఏడాది గడిపేది.

ఒక ఏడు కుప్పం వచ్చినప్పుడు, నాయనగారు స్నానానికి పోయిన సమయం చూసి ఆమె నన్ను పిలిచింది. మదనపల్లెలో డాక్టరుకు చూపించుకుందట. ఒక చెవి ఇదివరకే పోయింది, రెండోది కూడా పోయే దారిలో ఉందట.

"ఈసారన్నా మొదులు వినాల రా. చెవి ఉన్నన్నాళ్లే గదా. మీ నాయనకు చెప్పబాకు, డాక్టరు మీదికి తగువుకు పోతాడు."

మరునాడు అందరికంటే ముందుగా ఇద్దరినీ స్టేషనుకు చేర్చాను. బండి వచ్చే వేళకు నాయనగారు కాఫీ తెప్పించుకున్నారు. బండి వచ్చింది, నిలిచింది, జనం ఎక్కారు, ఆయన కాఫీ ఊదుకుంటూ కూర్చున్నారు. ఇంజను కూత వేసింది.

"సామీ, బండి కదల్తా ఉండాది! కాఫీ యాడికీ పోదు, బండి పోతాది!" అని కాఫీ కొట్టువాడే అరిచాడు.

నాయనగారు వాడి వైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. అంతలో నా పక్కనుంచి ఎవరో పరుగు తీశారు. మా మేనత్త. కుచ్చిళ్లు చేత్తో ఎత్తిపట్టి, చెప్పు ఒకటి జారిపోతే దాన్ని వదిలేసి పోయి, పూలగంపల ఆడవాళ్లు చేతులు చాపితే అందుకుని పెట్టె ఎక్కేసింది. నేనూ వెనకే దూకాను. ప్లాట్‌ఫారం మీద నాయనగారు గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన కదలలేదు, బండి కదిలిపోయింది.

"వస్తాడులే. ఆ ఎనకబండికి రాక యాడికి పోతాడు" అంది మేనత్త, రొప్పుతూ. నాకు ఇద్దరి మీదా కోపం వచ్చింది.

సాయంత్రం పందిట్లో ముందు వరుసలోనే కూర్చున్నాం. పానకం ఇచ్చారు. వయొలిన్ శ్రుతి కలిసింది. వర్ణం ఎత్తుకోగానే ఆమె మంచి చెవిని వేదిక వైపు తిప్పి, ఎడమచేతి వేళ్లను మోకాలి మీద వీణ మెట్లు నొక్కినట్టు నొక్కుతూ కూర్చుంది. నేను సంగీతం విన్నదానికంటే ఆ వేళ్లను చూసిందే ఎక్కువ. వర్ణం ముగిశాక ఇక పోదామంది. నేనే కూర్చోబెట్టాను. చాలాసేపటికి వెనక గుంజ దగ్గర మా నాయనగారి తలపాగా కనిపించింది.

ఆ రాత్రి సత్రంలో తలొక వైపు తిరిగి పడుకున్నాం. తెల్లవారి తిరుగుబండిలో మాలూరు దాటాక, కిటికీలోకి చూస్తూనే మా నాయనగారు అడిగారు.

"అక్కా, మొదులు ఏం వాయించినారు?"

ఆయన కూడా అన్నేళ్లుగా ఒక కచేరీ మొదలు వినలేదని నాకు అప్పుడు తట్టింది. మేనత్త ఆ వర్ణాన్ని సన్నగా పాడింది. శ్రుతి అక్కడక్కడ జారుతోంది. నాయనగారు తొడ మీద తాళం వేస్తూ ఉన్నారు. పెట్టెలో పూలమ్మే ఆమె ముందుకు వంగింది.

"ఇంగొంచెం గట్టిగా పాడమ్మా, ఈ బండి మోతలో ఏమీ ఇనపడల్యా."

"నాకే ఇనపడల్యా తల్లీ" అంది మేనత్త.

పెట్టె అంతా నవ్వింది, మేనత్త కూడా నవ్వింది. మా నాయనగారి తాళం ఆగింది. ఆయన అక్క మొహం చూశారు, తర్వాత నా మొహం చూశారు. నేను తల దించుకున్నాను. నాయనగారు లేచి, ఆమెకు మంచి చెవి ఉన్న వైపు వచ్చి కూర్చుని, మళ్లీ మొదటి నుంచి తాళం అందుకున్నారు.

మరుసటి ఏటికి ఆ చెవి కూడా పోయింది, ఆమె మదనపల్లెలోనే ఉండిపోయింది. నాయనగారు ఒక్కరే వచ్చారు. బండి రావడానికి ఎంతో ముందే కుప్పం స్టేషనులో బెంచీ మీద నిటారుగా కూర్చున్నారు. అప్పటినుంచి ఏటా పోయేవారు, ఎవరూ పిలవకుండానే జంపఖానా మీద కూర్చునేవారు, మొదలు విని వచ్చేవారు. ఇంటికి వచ్చాక అక్క అరచేయి తన చేతిలోకి తీసుకుని, రాగం పేరు వేలితో రాసి, తాళం తట్టేవారు. ఏ వర్ణమో ఆమె ఇట్టే పోల్చుకునేది. ఒక్కోసారి కాదు కాదు అని ఆయన తట్టిన దెబ్బను దిద్దేది కూడా.

ఇప్పుడు కుప్పంలో ఎన్నో బండ్లు ఆగుతాయి. బెంగళూరులో ఊరికే వినదగ్గ కచేరీలకు కొదవ లేదు. నేనూ పోతాను, వేళకు ముందే పోతాను. తిరిగి వస్తే మావాళ్లు భోజనం అయిందా అంటారు, అంతసేపు కూర్చుంటే నడుము నొప్పి పుట్టలేదా అంటారు, అక్కడ తీసిన ఫోటో ఉంటే చూపించమంటారు. అన్నిటికీ జవాబు చెబుతాను. మొదట ఏం వాయించారని అడిగే మనిషి మాత్రం మా ఇంట్లో లేరు.