హీరో కారు, అక్క పడుగు

నా చిన్నప్పుడు మా నేతగాళ్ల వాడలో సినిమా హీరోను కళ్లారా చూడనివాళ్లు ముగ్గురే ముగ్గురు. మా అవ్వ, పక్కింటి అక్క, నేను. మిగతా వాడంతా చూసింది. చూసి వచ్చాక ఏళ్ల తరబడి ఆ ముచ్చట చెబుతూనే ఉంది. ఆయన పేరు ఇక్కడ రాయను. ఆయన అభిమానులు ఇప్పటికీ ఉన్నారు, ఈ వయసులో వాళ్లతో తగువు పెట్టుకునే ఓపిక నాకు లేదు.

మాది మక్తల్ దగ్గర ఒక పేట. హైదరాబాద్ నుంచి రాయచూరు పోయే పెద్ద రోడ్డు మా వాడకు కూతవేటు దూరంలో ఉండేది. ఏడాదికోసారి డేరా టాకీసు వచ్చేది. డేరా ఎత్తేశాక సినిమా పోయేది గానీ హీరో మాత్రం మా మధ్యనే ఉండిపోయేవాడు. కండెలకు నూలు చుడుతూ ఆడవాళ్లు, మగ్గం గుంటలో కాళ్లాడిస్తూ మగవాళ్లు ఆయన గురించే మాట్లాడుకునేవారు. పొద్దున లేవగానే బిందెడు పాలు తాగుతాడట. ఒంటి చేత్తో జీపు ఆపుతాడట. ఆయన ఇంట్లో మెట్లకు కూడా వెండి తొడుగట. ఎవరు చూసొచ్చారని అడిగినవాళ్లు లేరు. నేనైతే అన్నీ నమ్మాను. ఏ రోజైనా ఆయన మా పేటకు రాకపోతాడా అని నా కాళ్లు ఒక చోట నిలిచేవి కావు.

పక్కింటి అక్క గురించి చెప్పాలి. ఆమె భర్త ముందటేడు జ్వరంతో పోయాడు. చంకలో పిల్లాడు, ఇంట్లో ఒక మగ్గం, అంతే మిగిలింది. ఆ రోజుల్లో మా ఇళ్లలో ఆడవాళ్లు నూలు తోడేవారు, కండెలు చుట్టేవారు, గంజి కాచేవారు. మగ్గం గుంటలో కూర్చుని నేయడం మాత్రం మగవాళ్ల పని. అందుకని ఆమె మరిది ఆ మగ్గం తన ఇంటికి జరుపుకుంటానన్నాడు, వదిన కూడా పిల్లాడితో వచ్చి తన ఇంట్లోనే ఉండవచ్చన్నాడు. వినడానికి మంచి మాటే. కానీ ఆ ఇంట్లో ఆమె బతుకు పొయ్యి దగ్గర మొదలై కండెల దగ్గర ముగుస్తుందని వాడలో అందరికీ తెలుసు. అక్క కులపెద్దల ముందు నిలబడి, తాను నేస్తానంది. భర్త నేస్తుంటే పక్కన కూర్చుని చూసి నేర్చుకున్నానంది. పెద్దలు చాలాసేపు గొణుక్కుని, చివరికి ఒక పడుగు నేసి చూపించమన్నారు. చీరలు సాఫుగా దిగితే మగ్గం ఆమెదే, లేకపోతే మరిది ఇంటికి పోతుంది.

పడుగు అంటే మగ్గానికి నిలువునా ఎక్కే పోగుల వరస. నేసే ముందు దాన్ని వీధి పొడవునా, కత్తెర ఆకారంలో నిలబెట్టిన వెదురు కర్రల మీద సాగదీసి గంజి పెట్టాలి. పెట్టిన గంజి ఆరేలోగా పెద్ద కుంచె పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు ఆపకుండా దువ్వాలి. ఆపితే పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి. ఒకరిద్దరితో అయ్యే పని కాదు కాబట్టి ఎవరి పడుగు వీధిలోకి వస్తే వాళ్ల కోసం వాడంతా తెల్లవారకముందే లేచి వచ్చేది. కూలి ఉండదు, పిలుపు ఉండదు. పగవాడి పడుగైనా సరే, కుంచె పట్టనని ఎవరూ అనకూడదు. అందుకే ఆ పొద్దున మరిది కూడా వచ్చాడు, ముఖం మాడ్చుకునే అయినా కుంచె పట్టుకున్నాడు.

పని సగం దాకా వచ్చింది. తడి పడుగు మీద పొద్దటి ఎండ పడుతోంది. అప్పుడు బస్‌స్టాండు దగ్గర పాన్ డబ్బా నడిపే ఆయన చెప్పులు చేత్తో పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. హీరో కారు మక్తల్‌లో ఆగిందట, చాయ్ తాగుతున్నాడట, ఇప్పుడో ఇంకాసేపట్లోనో మన రోడ్డు మీదుగానే పోతాడట. ఆ మాట పూర్తికాకముందే కుంచె కింద పడింది. ఎవరు ముందు వదిలారో నేను చూడలేదు. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే మా తాత అందరికంటే ముందు పరుగెత్తడం మాత్రం చూశాను. చూస్తుండగానే వీధి ఖాళీ అయిపోయింది.

నేను కూడా ఒక కాలు ముందుకు వేశాను. మా అవ్వ నా జడ పట్టుకుని ఆపింది. చెంబు చేతికిచ్చి పడుగు మీద నీళ్లు చిలకరించమంది. అవ్వ ఒక వైపు, అక్క ఒక వైపు ఆ బరువైన కుంచెను లాగారు. మగవాళ్లు లాగే కుంచె అది, వీళ్లిద్దరి చేతుల్లో అడుగు కూడా తిన్నగా కదలలేదు. అక్క ఈ చివర దువ్వితే ఆ చివర ఆరిపోయేది. ఆ చివరకు పరుగెత్తితే మధ్యలో బిగుసుకునేది. నేను నీళ్లు చిలకరిస్తూనే ఉన్నాను, కానీ నా చెవులు రెండూ రోడ్డు మీదే ఉన్నాయి. అక్కడ కేకలు వినిపించాయి, ఈలలు వినిపించాయి, ఒక హారన్ మోత వచ్చి దూరమైపోయింది. నాకు ఏడుపు వచ్చింది. అక్క పడుగు పాడవుతోందని కాదు, హీరో వెళ్లిపోయాడని.

వాళ్లు తిరిగొచ్చేసరికి పడుగు చాపలా గట్టిపడింది. అక్క కుంచె కింద పెట్టి గడప మీద కూర్చుంది. పిల్లాడిని ఒళ్లోకి తీసుకుంది. వచ్చినవాళ్లలో కొందరు పడుగు చూసి తలలు దించుకున్నారు. అయినా వాళ్ల నోళ్లు ఆగడం లేదు. హీరో అద్దం దించాడని ఒకరు, నవ్వాడని ఒకరు, నవ్వలేదు, దండం పెట్టాడని ఇంకొకరు. మరిది మాత్రం పడుగు దగ్గరికి నడిచి, వేలితో ఒకసారి తట్టి చూసి, మెల్లగా అన్నాడు.

"ఇగ ఏం చేస్తవు వదినా. మగ్గం రేపు జరుపుకుంట."

మా అవ్వ ఇప్పుడు అందరినీ దులిపేస్తుందని ఎదురుచూశాను. అవ్వ నోరు అట్లాంటిది, పేటలో పట్వారీ కూడా ఆమెకు ఎదురుపడేవాడు కాదు. కానీ ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని, మునుపెన్నడూ లేనంత నెమ్మదిగా మాట్లాడింది.

"నేనైతే చూడకపోతి. నాకు జర వివరంగ చెప్పుండ్రి. ఊరికె నిలబడి చెప్తె నాకు సమజ్ కాదు, గీ పడుగు పొంటి కూసోని చెప్పుండ్రి. చేతులు పోగుల మీద పెట్టుండ్రి."

తర్వాత నాతో పడుగు పొడవునా మళ్లీ నీళ్లు చల్లించింది. మొదట చెప్పేవాడిని మధ్యలో కూర్చోబెట్టి, అతుక్కున్న పోగులు గోటితో ఎట్లా విడదీయాలో చూపించి, "ఇగ చెప్పు" అంది. అతను చెప్పడం మొదలుపెట్టాడు. వినడానికి ఇటు పక్కన ఒకరు, అటు పక్కన ఒకరు కూర్చున్నారు. కూర్చున్నవాళ్ల ముందు అవ్వ తలో జానెడు పడుగు పెట్టింది. చెప్పేవాడి చేతులు, వినేవాళ్ల చేతులు పోగుల్లో మునిగిపోయాయి. ముచ్చట కాస్త నెమ్మదించిందంటే అవ్వ ఏదో ఒకటి అడిగేది. కారు ఏ రంగు? తెల్లదని ఒకరు, నల్లదని ఒకరు. ఆ రంగు మీదే గంటసేపు వాదన నడిచింది, ఆ గంటలో ఎంతో పడుగు విడింది. ఉంగరం ఏ చేతికుంది? మీసం సినిమాలో ఉన్నట్టే ఉందా? పక్క వీధి నుంచి వినడానికి వచ్చినవాళ్లకు కూడా అవ్వ చోటు చూపించి కూర్చోబెట్టింది. తెగిన పోగులను చిటికెడు బూడిద అద్ది, వేళ్ల మధ్య నులిమి అతికిస్తూ పెద్దవాళ్లు కూడా పోటీపడి చెప్పారు.

మరిది అంతసేపూ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పోగు ముట్టుకోలేదు. ముట్టుకుంటే తనకే నష్టమని ఆయనకు తెలుసు. కానీ హీరో తన చెయ్యి పట్టుకున్నాడని ఒకతను చెప్పడం మొదలుపెట్టగానే ఆయన ముఖం మారింది. గోడ దగ్గర అటూ ఇటూ నడిచాడు. కాసేపు ఓర్చుకున్నాడు. ఇంక ఆగలేక, "నీ చెయ్యి ఎప్పుడు వట్టిండురా, పట్టింది నా చెయ్యి" అన్నాడు. అవ్వ తల కూడా ఎత్తకుండా, "అయితే నువ్వే సక్కగ చెప్పు కొడుకా, గిట్ల కూసో" అంది. ఆయన కూర్చున్నాడు. అలవాటైన చేతులు కదా, పోగు కనబడగానే వాటంతట అవే విడదీయడం మొదలుపెట్టాయి. మా వాడలో ఆయనంత చెయ్యి తిరిగిన నేతగాడు లేడు. హీరో తనను పేరడిగాడని, ఏం నేస్తావని అడిగాడని, వాళ్లమ్మకు ఒక చీర పంపమన్నాడని ఆయన చెబుతూ పోయాడు. చెప్పినకొద్దీ ఉత్సాహం పెరిగింది, చేతుల వేగం పెరిగింది. అక్క గడప మీద నుంచి లేచి ఎప్పుడు వచ్చిందో, ఎదురుగా కూర్చుని ఆయన విడదీసిన పోగులను సర్దుతోంది. వదిన చేతుల వైపు ఆయన ఒకసారి చూశాడు. మాట తడబడింది గానీ చేతులు ఆపలేదు. అంతమంది ముందు కథ మధ్యలో లేచిపోతే తన హీరో ఎవరి పాలవుతాడోనని భయం కావచ్చు.

పొద్దు వాలేసరికి పడుగు చివరి దాకా విడిపోయింది. అవ్వ ఈ చివర నుంచి ఆ చివర దాకా చెయ్యి పెట్టి తడిమి చూసుకుంది. అప్పుడు గానీ మా తాత వైపు తిరగలేదు. ఆయన ఆ రోజంతా నోరు విప్పకుండా పోగులు తీస్తూ కూర్చున్నాడు. నువ్వేం చూశావని అడిగింది. తాత ఇబ్బందిగా గొంతు సవరించుకున్నాడు.

"అద్దాలు మూసే ఉన్నయే. దుమ్ము లేసింది. లోపట ఎవలున్నరో నాకేం కనవడలే."

ఎవరో కిసుక్కున నవ్వారు. దాంతో అందరూ నవ్వారు, మరిది కూడా తల వంచుకుని నవ్వాడు. మర్నాడు తెల్లవారకముందే పడుగు మళ్లీ వీధిలోకి వచ్చింది. మళ్లీ గంజి పెట్టారు. ఈసారి ఎవరూ కుంచె వదల్లేదు. అక్క నేసిన చీరలను పెద్దలు వెలుగులో పట్టి చూశారు, తప్పు దొరకలేదు. మగ్గం కదల్లేదు. మా పేటలో మగ్గం గుంటలో కూర్చున్న మొదటి ఆడమనిషి ఆమెనే. మరిది మాత్రం బతికినన్నాళ్లూ హీరో తన చెయ్యి పట్టుకున్నాడనే చెప్పాడు. చివరి ఏళ్లలో అయితే హీరో కారు దిగి తనను గుండెకు హత్తుకుని అలాయ్ బలాయ్ కూడా ఇచ్చాడు.

పడుగు విడిన ఆ సాయంత్రం నేను అవ్వ మీద అలిగి అన్నం దగ్గరకు రానన్నాను. వాడంతా చూసింది, నన్నొక్కదాన్నే ఎందుకు ఆపావని అడిగాను. అవ్వ చేతులకు అంటిన గంజి కడుక్కుంటూ చెప్పింది.

"అందరు ఆయన్నే చూసిరి బిడ్డా. గా పిల్లను చూసెటోళ్లు ఒకలన్న ఉండొద్దా?"

నాకు ఆ మాట అప్పుడు నచ్చలేదు. నచ్చడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు మేము జడ్చర్లలో ఉంటున్నాం. హీరోలు రోడ్డు మీద పోనక్కర్లేదు, అందరి అరచేతుల్లోనే ఉన్నారు. ఎవరు ఎవరిని పెళ్లాడారు, ఎవరు విడిపోయారు, ఎవరు దవాఖానలో ఉన్నారు, గడియకొక కథ వస్తుంది, మరుగడియలో అది అబద్ధమని ఇంకో కథ వస్తుంది. నేనేమీ మడి కట్టుకుని కూర్చోను. నాకూ ఆ ముచ్చట్లు కావాలి, కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూస్తాను. కానీ మనసు నిమ్మళంగా ఉండదు. ఇల్లంతా ఒక ఫోన్ చుట్టూ మూగిందంటే నా కళ్లు వద్దన్నా వెతుకుతాయి, మూగనిది ఎవరని.

మొన్న వేసవిలో ఒక హీరో పెళ్లి ఫోటోలు వచ్చాయి. కొడుకు, కోడలు, చిన్న మనవడు సోఫాలో ఒకరి మీద ఒకరు పడి చూస్తున్నారు, పెళ్లికూతురి చీర ఖరీదు గురించి పందేలు కడుతున్నారు. నేనూ తల దూర్చబోయి ఆగాను. పెద్ద మనవరాలు అక్కడ లేదు. ఆ హీరో అంటే ప్రాణం పెట్టే పిల్ల, అయినా రాలేదు. మేడ మీదికి వెళ్లే మెట్ల మీద, ఫోన్ బోర్లా పెట్టుకుని కూర్చుని ఉంది. ఇంటర్ ఫలితాలు ఆ పొద్దునే వచ్చాయట. పెళ్లి ఫోటోల సందడిలో ఇంట్లో ఎవరికీ ఆ సంగతి తట్టలేదు.

మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఆమె పక్కన కూర్చున్నాను. పిల్ల నా భుజం మీద తల పెట్టి, "నాయనమ్మా, పరీక్ష తప్పిన, ఇగ నేను పోయిన" అంది. కింద నుంచి నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. "ఏడికి పోతవు, నేను చూస్తనే ఉన్న" అన్నాను.